రెండు ఆరాధనల మధ్య గంట

తొమ్మిదయింది. మావాళ్ళందరూ వెళ్ళిపోయారు, నేను వెళ్ళలేదు. మూడో వరస బెంచీలో గోడవైపు కూర్చున్నాను, ఇంటిదారి మర్చిపోయినవాడిలా. పదింటికి వాళ్ళు వస్తారు. మధ్యలో ఉన్న ఈ గంట ఎవరిదీ కాదు. అసలు దీన్ని పెట్టిందే ఎవరూ ఎవరికీ ఎదురుపడకుండా ఉండటానికి. ఆ తీర్మానం నాలుగేళ్ళ క్రితం నా చేత్తోనే రాశాను: మొదటి ఆరాధన ఏడున్నర నుంచి తొమ్మిది, రెండో ఆరాధన పది నుంచి పదకొండున్నర, నడుమ గంటసేపు గది గాలాడటానికి. గాలాడటానికట. ఎంత మర్యాదగా రాశాను! ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూడలేక అని రాస్తే పాస్టరుగారు సంతకం పెట్టేవారు కాదు. ఇవాళ ఈ గంట అయ్యేలోపు మా తమ్ముడు కిటికీలు తెరవడానికి వస్తాడు, వాడికి ఒక మాట చెప్పాలి. వాడికి చెప్పాక, పదింటికి వచ్చేవాళ్ళందరికీ చెప్పాలి. నాలుగేళ్ళుగా గొంతులో ఉన్న మాట, చెబితే ఒక్క ఊపిరిలో అయిపోతుంది. అందరికన్నా ముందు వినవలసిన మనిషిని మాత్రం మొన్న గురువారం సమాధుల తోటలో పెట్టేశారు.

మా ఆవిడ గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది ఇందాక. రమ్మని అనలేదు, ఎందుకు రావడం లేదనీ అడగలేదు. గురువారం నుంచీ అంతే. కంచం పెడుతుంది, మంచినీళ్ళు పెడుతుంది, మాట మాత్రం పెట్టదు. పోయిన మనిషి తనకి తోడికోడలు, నా తమ్ముడి భార్య, నాకు మరదలు. వాళ్ళిద్దరూ ఈ పక్కగది కొళాయి దగ్గర నిలబడి గిన్నెలు కడుగుతూ నవ్వుకుంటుంటే, ఆరాధన మందిరంలో ఆ నవ్వులేమిటని నేను దగ్గేవాణ్ణి. దగ్గితే ఇంకా నవ్వేవారు. సంఘం రెండు ముక్కలయ్యాక ఆ నవ్వులు ఎక్కడికి పోయాయో. కూరగాయల కొట్టు వెనక ఇద్దరూ దొంగల్లా కలుసుకుని మాట్లాడుకునేవారని నాకు తెలుసు, తెలియనట్టు ఊరుకున్నాను. సంచిలో ఉల్లిపాయలు నాలుగే ఉండి, కొట్టుకెళ్ళి గంట గడిచి వస్తే ఎవరికి తెలియదు?

ఫ్యాన్లు ఆపేశారు. గదిలో ఇంకా మా ఊపిరి వేడి ఉంది. ఎడమ గోడకి మా బీరువా, కుడి గోడకి వాళ్ళ బీరువా, దేనికి దానికి తాళం, లోపల అవే పాటల పుస్తకాలు. మూల రెండు చీపుళ్ళు. మా దానికి ఎర్ర దారం, వాళ్ళ దానికి ఆకుపచ్చ దారం, కలిసిపోకుండా. దుమ్ముకి ఆ తేడా తెలియదు కదా, మేం ఊడ్చింది వాళ్ళ బీరువా కిందకి పోతుంది, వాళ్ళు ఊడ్చింది మా బీరువా కిందకి వస్తుంది. పంచడానికి వీలుకాక మిగిలినవారు పాస్టరుగారు ఒక్కరే, పాపం. అదే ప్రసంగం పొద్దున మాకు, తర్వాత వాళ్ళకి. రెండోసారి నోరు తిరిగి బాగా చెబుతారని మావాళ్ళ ఫిర్యాదు, మొదటిసారే ఓపిగ్గా చెబుతారని వాళ్ళ ఫిర్యాదు. మధ్య గంటలో ఆయన ఇంటికెళ్ళి కాసేపు నడుం వాలుస్తారు. ఆయన జుట్టు ఈ నాలుగేళ్ళలోనే తెల్లబడింది. ఇవాళ ప్రసంగమంతా నా తల మీదుగా గోడ గడియారం వైపు చూస్తూ చెప్పారు.

గడియారం తొమ్మిదీ పది చూపిస్తోంది. వాడు తొమ్మిదిన్నరకి వస్తాడు. ఎలా మొదలుపెట్టాలి? ఒరేయ్ తమ్ముడూ అనా? నాలుగేళ్ళయింది వాణ్ణి ఒరేయ్ అని. ఏమండీ అనాలేమో. నవ్వొస్తోంది, నవ్వు వెనకే కళ్ళలో నీళ్ళొస్తున్నాయి. ఈ వయసులో ఖాళీ మందిరంలో ఒక్కణ్ణే కూర్చుని ఏడుస్తున్నానంటే చూసినవాళ్ళు ఏదో గొప్ప భక్తి అనుకుంటారు. నాకు వచ్చిన గౌరవమంతా ఇలా వచ్చిందేనేమో, చూసినవాళ్ళు ఏదో అనుకోవడం, నేను కాదనకపోవడం.

నేను ఈ సంఘానికి పెద్దని, బయట కాంపౌండర్ని. ఆసుపత్రిలో మందుల కిటికీ వెనక ముప్పై ఏళ్ళుగా మాత్రలు లెక్కపెట్టి పొట్లం కట్టి ఇస్తున్నాను. బల్ల ఆదివారం, అంటే నెలకోసారి రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ఆదివారం, గిన్నెలు నింపే పని కూడా నాదే. మందు కొలిచే చెయ్యి కదా, చుక్క ఒలకదు అని సంఘం నాకు అప్పగించింది. చిటికెనవేలంత గాజు గిన్నెలు, చెక్క పళ్ళెంలో వాటికి గుంటలు. ఇరవై రెండేళ్ళలో ఒక్క గిన్నె కూడా తక్కువ కాలేదు. ఆ సంగతి నేనై చెప్పుకోను, ఎవరైనా చెబుతుంటే మాత్రం ఎంత పనున్నా నిలబడి వింటాను. నాలుగేళ్ళ క్రితం ఆ బల్ల ఆదివారం అరవై నింపాను. పళ్ళెం ఎత్తుకుని పక్కగదిలోంచి వస్తుంటే మోచెయ్యి తలుపుకి తగిలి ఒకటి జారి పడి పగిలింది. కింద అరలో ఇంకో డజను ఉన్నాయి. తాళంచెవి మా ఆవిడ సంచిలో, మా ఆవిడ లోపల ముందువరసలో పాడుతోంది. వెళ్ళి అడిగితే అందరూ చూస్తారు, కాంపౌండరుగారు గిన్నె పగలగొట్టారట అని నవ్వుతారు. ఒకటేగా, ఎవరో ఒకరు రారులే అనుకున్నాను. ప్రతిసారీ ఎవరో ఒకరు రారు. ఆ రోజు అందరూ వచ్చారు.

పదేసి మంది ముందుకొచ్చి మోకరిస్తారు. పాస్టరుగారు రొట్టె ముక్క చేతిలో పెట్టుకుంటూ వెళ్తారు, వెనకే నేను గిన్నె అందిస్తూ వెళ్తాను. ఆఖరి వరసలో ఆఖరి మనిషి మా మరదలు. అందరినీ ముందు వెళ్ళనిచ్చి తను చివర మోకరించేది, ఎప్పుడూ అంతే. రొట్టె ముక్క ఎడమ అరచేతిలో పెట్టుకుని, తల వంచుకుని, కుడిచెయ్యి చాపింది. పళ్ళెంలో గుంటలు తప్ప ఏమీ లేవు. సీసాలో ఇంకా రసం ఉంది. ఎవరో తాగిన గిన్నె కడిగి నింపి తేవచ్చు. వంగి చెవిలో చెప్పవచ్చు, ఒక్క నిమిషం తల్లీ, ఒకటి తగ్గింది, తెస్తున్నాను అని. తల్లీ అనే పిలిచేవాణ్ణి తనని. నేను వెనక్కి తిరిగాను. పాస్టరుగారు అప్పటికే కళ్ళు మూసుకుని ప్రార్థన ఎత్తుకున్నారు, నా చేతులు పళ్ళాన్ని బల్ల మీద పెట్టి పైన తెల్లగుడ్డ కప్పేశాయి. ఎందుకు కప్పానో నాకు తెలుసు. తక్కువైన సంగతి ఎవరి కంటా పడకూడదని. ఆమేన్ అన్నాక ఆమె లేచి, పుచ్చుకోని రొట్టెని చేతిలో అలాగే పట్టుకుని తన చోటికి నడిచివెళ్ళింది. ఆ పదిహేను అడుగులూ అందరూ చూశారు. నేను పాటల పుస్తకంలో పేజీలు తిప్పుతున్నాను.

సర్లే, ఇంటికెళ్ళాక చెబుదాం అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను, అబద్ధం కాదు. సాయంత్రం వాళ్ళింటికెళ్ళి, తల్లీ, మీ బావగారు ముసలాడైపోయాడు, లెక్క తప్పింది అంటే ఎంత నవ్వేది! ఆ నవ్వు కూడా ముందే వినిపించింది నాకు. ఈలోగా వాడొచ్చాడు. మా తమ్ముడు బస్సు డ్రైవరు. వాడి గొంతుకి సంఘంలో హారన్ అని పేరు, వాడు మామూలుగా మాట్లాడినా వీధి చివర వాళ్ళు పక్కకి తప్పుకుంటారని వేళాకోళం. పక్కగదిలో ఆరుగురు ఉన్నారు, వాళ్ళముందు అడిగాడు.

"నా భార్యకి ఎందుకివ్వలేదు? ఇవ్వకపోవడానికి నువ్వెవడివి?"

నువ్వెవడివి. ఆ మాట నన్ను పట్టుకుంది. నాన్న పోయినప్పుడు వాడికి తొమ్మిదేళ్ళు. నా భుజాలమీద తిరిగాడు, నా చొక్కాలు తొడిగాడు, డ్రైవింగు నేర్చుకోవడానికి నా సైకిలు అమ్మాను. నువ్వెవడివి అంటాడా, ఆరుగురిలో? అన్నయ్యా, ఏమైంది అని అడిగి ఉంటే చెప్పేసేవాణ్ణి. అని నాలుగేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. నిజంగా చెప్పేవాణ్ణా? ఆరుగురూ నా నోటివైపే చూస్తున్నారు. గిన్నె తక్కువైంది అంటే రెండు మాటలు. ఆ రెండు మాటల బదులు, గొంతు తగ్గించి, గొప్ప సంగతేదో దాస్తున్నవాడిలా అన్నాను.

"ఎందుకివ్వలేదో తెలియాల్సినవాళ్ళకి తెలుసు."

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. మధ్యాహ్నానికి మా మరదలికి ఒక పాపం అంటగట్టారు, సాయంత్రానికి మూడయ్యాయి. కుట్టుపని ఇచ్చే ఇంట్లో ఏదో పోయిందట. అత్తని ఆఖరిరోజుల్లో సరిగా చూడలేదట. మూడోది నేను తలుచుకోను. అత్త అంటే మా అమ్మే. మా అమ్మ ఆఖరి ముద్ద తిన్నది ఆ పిల్ల చేత్తోనే, అది నా కళ్ళతో చూశాను, అయినా నిప్పు లేనిదే పొగ రాదుగా కాంపౌండరుగారూ అని ఎవరో అంటే నేను నేలవైపు చూశాను. నేల చూస్తే అవునన్నట్టే. ఆ తర్వాత చిలికి చిలికి గాలివాన అయింది. యోగ్యత లేనివాళ్ళని బల్లకి దూరంగా పెట్టే అధికారం సంఘపెద్దకి ఉందా లేదా అని బైబిల్లో వాక్యాలు తీశారు. ఉందని ముప్పై మంది, లేదని ముప్పై మంది. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చారని పాస్టరుగారు చేతులు పట్టుకుని బతిమాలారు. నన్ను విడిగా తోటలోకి తీసుకెళ్ళి అడిగారు కూడా, ఆ రోజు అసలేం జరిగింది, నాకు చెప్పండి, నాలోనే ఉంటుంది అని. అప్పటికి నా వెనక ముప్పై మంది ఉన్నారు, పవిత్రత కోసం నిలబడ్డ మనిషి అని నన్ను వేదిక మీద పొగిడారు. ఒక పగిలిన గిన్నె కోసం నిలబడ్డాను అని ఎలా చెప్పను? నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అన్నవాడు ఇంకా నయం, వాడు కుందేలునైనా పట్టాడు.

ఎవరో నడుస్తున్న చప్పుడు. కాదు, బయట సైకిలు. తొమ్మిదీ ఇరవై ఐదు. చేతులు చూసుకున్నాను. ఈ చేతులతోనే ఆమెకి మందులిచ్చాను. రెండేళ్ళ క్రితం గుండె జబ్బు బయటపడింది, ప్రతి నెలా చీటీ పట్టుకుని నా కిటికీ ముందు వరసలో నిలబడేది. పక్క కిటికీ ఉంది, అక్కడ ఇంకో ఆయన ఉంటాడు, అక్కడికి వెళ్ళేది కాదు. నేను తలెత్తకుండా మాత్రలు లెక్కపెట్టేవాణ్ణి. ఆమెవి రెండుసార్లు లెక్కపెట్టేవాణ్ణి, ఒక్కటి తక్కువ కాకుండా. పొట్లం జరిపి, తెల్లవి పొద్దున ఒకటి, పసుపువి రాత్రి ఒకటి, తిన్నాక, అనేవాణ్ణి. సరే బావగారూ, అనేది. బావగారూ అనడం మానలేదు. వీధిలో మావాళ్ళు ఆమెని చూసి మొహం తిప్పుకుంటున్నా, ఆ కిటికీ దగ్గర మాత్రం వచ్చిన ప్రతిసారీ బావగారూ అని పిలిచింది నన్ను. ఓసారి పొట్లం తీసుకున్నాక కదలలేదు. కిటికీ చువ్వ పట్టుకుని, బావగారూ, ఒక మాట, అంది. మొహం వాచింది, పెదవులు నల్లబడ్డాయి. వెనక పదిమంది ఉన్నారు. నన్ను నిలదీస్తుందనుకున్నాను. తిడుతుంది, ఏడుస్తుంది, అందరికీ తెలిసిపోతుంది అనుకున్నాను. ఆమె భుజం మీదుగా వెనక మనిషిని చూసి, తర్వాత, అన్నాను. చీటీ ఇవ్వండి, తర్వాతెవరు? ఆమె పక్కకి తప్పుకుంది. ఆ నెల తర్వాత తను రాలేదు, మందులకి పక్కింటామెని పంపేది. ఏం చెబుదామని వచ్చిందో ఇక తెలియదు.

గురువారం మధ్యాహ్నం వాళ్ళింటికి ఎదురుగా, రోడ్డుకి ఇవతల, మూసి ఉన్న కొట్టు మెట్లమీద నిలబడ్డాను. ఏదో కొనడానికి వచ్చి కొట్టు తెరుస్తారని చూస్తున్నవాడిలా. మా ఆవిడ పొద్దునే వెళ్ళిపోయింది, నన్ను అడగలేదు, ఆమెకి నీళ్ళు పోసింది తనే, తల దువ్వింది తనే. మావాళ్ళెవరూ రాలేదు. రాకూడదని తీర్మానమేం లేదు, పెద్ద వెళ్ళలేదు కాబట్టి వెళ్ళలేదు. ముప్పై మంది మంచివాళ్ళని ఒక చావింటి గడప దాటకుండా ఆపగలిగాను, ఏమీ చెప్పకుండానే. పెట్టె బయటికి తెచ్చారు. తమ్ముడు ముందు పట్టుకున్నాడు. ఎడమవైపు ముందు పట్టు ఇంటి మనిషిది, ఆ చోటికి ఎవరూ లేక పాస్టరుగారే పట్టుకున్నారు, ఆయనకి నడుంనొప్పి. ఆ పట్టు నాది. రోడ్డు దాటితే పన్నెండడుగులు. దాటలేదు. పెట్టె మలుపు తిరిగేదాకా చూసి ఇంటికెళ్ళి, వెళ్దామని పొద్దున తొడుక్కున్న ఉతికిన చొక్కా విప్పి, మాసిన చొక్కా తొడుక్కుని కూర్చున్నాను.

తలుపు చప్పుడైంది. వాడే. తాళంచెవులు చేతిలో పట్టుకుని గుమ్మంలో ఆగిపోయాడు. సన్నబడ్డాడు, చొక్కా భుజాల దగ్గర వేలాడుతోంది. గుండీ ఒకటి ఊడి ఉంది, దాన్ని కుట్టే మనిషి లేదు. నన్ను చూసి గడియారం చూశాడు.

"మీ ఆరాధన అయిపోయిందిగా," అన్నాడు.

లేచాను.  అనుకున్న మాటలన్నీ ఎటో పోయాయి, ఒరేయ్ లేదు, ఏమండీ లేదు.

"ఆ రోజు గిన్నె తక్కువైంది. ఒకటి పగలగొట్టాను. తన దగ్గరికొచ్చేసరికి అయిపోయాయి. అంతకు మించి ఏం లేదు. తన తప్పు ఏమీ లేదు."

కొడతాడేమో అనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. వాడు వెళ్ళి మొదటి కిటికీ తెరిచాడు. రెండోది తెరిచాడు. మూడోదాని గడియ బిగుసుకుపోయింది, దాన్ని పట్టుకుని అలాగే నిలబడి, నావైపు తిరగకుండా అన్నాడు.

"తెలుసు."

ఏం తెలుసో వాడే చెప్పాడు, కిటికీతో చెబుతున్నట్టు. ఆ రోజు సాయంత్రమే చెప్పిందట. పళ్ళెంలో ఇంకేం మిగల్లేదండీ, నేను చూశాను, పాపం బావగారు ఏం చేస్తారు, ఆయనకి ఎంత సిగ్గుగా ఉందో, మీరు వెళ్ళి మాట్లాడి రండి, అందట. అప్పటికే వాడింటి వరండాలో పాతికమంది కూర్చుని ఉన్నారు, నీకు అన్యాయం జరిగింది, మేమున్నాం అంటూ. వాడి జీవితంలో అంతమంది వాడి కోసం రావడం అదే మొదటిసారి. ఎప్పుడూ కాంపౌండరుగారి తమ్ముడే కదా వాడు.

"నోరు మూసుకోమన్నాను అన్నయ్యా. ఈ మాట బయట ఎక్కడా అనొద్దన్నాను. అనలేదు. ఓసారి మాత్రం, నేను బావగారికి చెప్పేస్తాను, ఆయన లోపల్లోపల చచ్చిపోతున్నారు అని ఆసుపత్రికి వచ్చింది. వచ్చి ఏమైందో, తిరిగొచ్చి పడుకుంది."

బెంచీలో కూర్చుండిపోయాను. వాడు నా పక్కన కూర్చోలేదు, వెనక బెంచీలో కూర్చున్నాడు. ఇద్దరం మగవాళ్ళం, ఇద్దరికీ తెలుసు, ఇద్దరి నోళ్ళూ మూసే ఉన్నాయి, మధ్యలో ఆ పిల్ల మూడు పాపాలు మోస్తూ వీధుల్లో నడిచింది. నాకు మాత్రలు లెక్కపెట్టి ఇవ్వడం వచ్చు. ఆమె నాకు ఇవ్వడానికి వచ్చినదాన్ని తీసుకోవడం రాలేదు. ఎంతసేపు ఏడ్చానో తెలియదు. వెనక వాడు కూడా ఏడుస్తున్నాడు, చప్పుడు లేకుండా, బెంచీ కదలడం మాత్రం నా వీపుకి తెలుస్తోంది.

పది కావస్తోంది. వాళ్ళు వస్తున్నారు. నన్ను చూసి గుమ్మంలో ఆగి, ఒకళ్ళనొకళ్ళు చూసుకుని, అటువైపు బెంచీల్లో సర్దుకుంటున్నారు. వీళ్ళందరూ తెలిసినవాళ్ళే, వీళ్ళ పిల్లల జ్వరాలు, వీళ్ళ తలనొప్పులు నాకు తెలుసు. ముందువరసలో మామ్మగారు కూర్చుంది, ఎనభై దాటిన మనిషి, చెవుల్లో పోగులు లేకపోయినా కబుర్లన్నీ ఆవిడ చెవినే పడతాయని అంటారు. పాస్టరుగారు వచ్చి నన్ను చూశారు, వెళ్ళి తన చోట నిలబడ్డారు. మొదటి పాట అయింది. సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. ప్రతి ఆదివారం అడుగుతారు, మనసులో ఉన్నది లేచొచ్చి అందరిముందు చెప్పుకోమని.

నడిచి వెళ్ళాను. మైకు ముందు నిలబడి చెప్పాను. గిన్నె పగిలింది, పరువు పోతుందని అడగలేదు, ఆమె వంతు వచ్చేసరికి అయిపోయాయి, అడిగితే చెప్పలేదు, మావాళ్ళందరూ ఏవేవో అనుకుంటుంటే అనుకోనిచ్చాను. ఆమెలో ఏ దోషమూ లేదు. చెప్పడం నేననుకున్నట్టే ఒక్క ఊపిరిలో అయిపోయింది.  మామ్మగారు కర్ర మీద గడ్డం ఆనించి నన్నే చూస్తోంది.

"అంతేనా నాయనా?" అంది. కోపం లేదు ఆ గొంతులో, నిజంగానే అడిగింది. "ఇంత చేసుకున్నది దీనికేనా? ఇంకేమీ లేదా?"

లేదండీ, అంతే, అనబోయాను. వెనక బెంచీ కిర్రుమంది. మా తమ్ముడు లేచి వస్తున్నాడు, నడవ మధ్యలోంచి, ఊడిన గుండీ చోట చొక్కా ఒక చేత్తో పట్టుకుని.

"ఇంకా ఉంది మామ్మగారూ," అన్నాడు. "అది నేను చెప్పాలి."

మైకు ముందు ఇద్దరికీ చోటు చాలదు. నేను కొంచెం పక్కకి జరిగాను.